కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలో తేనెల తీరు

కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలో తేనె ఎన్నడూ ఒక్క రకం కాదు. ఏ ఈగ పెట్టింది, ఏ పూత మీద పెట్టింది, మనిషి దాన్ని ఎలా తీశాడు అనే మూడింటిని బట్టి రంగు, రుచి, చిక్కదనం మారుతాయి. ఈ తేడాలను గమనించడం మన దేశంలో కొత్త కాదు. చరకసంహిత తేనెను నాలుగు రకాలుగా విడదీసింది. మాక్షికం నూనె రంగు, పౌత్తికం నెయ్యి రంగు, క్షౌద్రం కపిలవర్ణం, భ్రామరం తెలుపు అని చెప్పి, అన్నింటిలో మాక్షికాన్ని మేలైనదిగా ఎంచింది. సుశ్రుతసంహిత ఆ సంఖ్యను ఎనిమిది చేసింది. ఆ పెద్దలు తేనెకు ప్రధానంగా ఈగను బట్టే పేరు పెట్టారు.

ఈ సీమలోనూ మొదటి తేడా ఈగదే. పెద్ద తేనెటీగ మర్రి, రావి, జువ్వి వంటి ఎత్తైన చెట్ల కొమ్మలకు, బండల అంచులకు, ఇప్పుడైతే నీళ్ల ట్యాంకులకు ఒకే ఒక్క పెర వేలాడదీస్తుంది. ఆ పెర మీటరు వెడల్పు దాటవచ్చు, మంచి పూత ఉన్న ఏడు ఒక్కో పట్టు కిలోల కొద్దీ తేనె ఇస్తుంది. ఇది వలస ఈగ. పూత ఉన్న చోటికి వచ్చి, అది అయిపోగానే గుంపుగా లేచిపోతుంది. పుట్ట తేనెటీగ చీకటి కోరుతుంది. చెట్టు తొర్రలో, పుట్టలో, పాత గోడ సందులో పక్కపక్కనే అనేక పెరలు కడుతుంది. చిన్న తేనెటీగ పొదల్లో సన్నని కొమ్మను చుట్టి అరచేయంత పట్టు పెడుతుంది, దాని తేనె కిలో కూడా ఉండదు. ముల్లు లేని బుల్లి ఈగ మైనం, చెట్ల జిగురు కలిపి చిన్న చిన్న కుండలు చేసి అందులో పుల్లని తేనె దాస్తుంది. అది దొరికేది కొంచెమే కనుక ఎక్కువగా మందుకే వాడతారు.

రెండో తేడా పూతది. పోచారం చుట్టుపక్కల, ఎల్లారెడ్డి వైపు ఉన్నది ఎండాకాలం ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, ఆ వెంటే ఇప్ప, వేప, నేరేడు, తర్వాత కానుగ, చింత పూస్తాయి. వేసవి తేనెలో ఇవన్నీ కలిసే ఉంటాయి. వేపపూత ఎక్కువైన చోట నాలుక చివర సన్నని చేదు తగులుతుంది. వానలు తగ్గాక రేగు పూస్తుంది. అడవిలో ఒకే పూవు తేనె దొరకడం అరుదు, అందువల్ల ఒకే చెట్టు కింద రెండేళ్లు తీసిన తేనె కూడా ఒకేలా ఉండదు.

పొలం తేనె కథ వేరు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు సాగును మార్చింది. కాలువ కింద వరి, చెరకు పెరిగాయి. ఆ రెండూ ఈగకు మకరందం ఇచ్చే పైర్లు కావు. నువ్వులు, కుసుమ వంటి మెట్ట పైర్లే ఈగను పోషించాయి. ఆహారధాన్యాల లెక్కల్లో కాలువ చేసిన మేలు అందరికీ తెలిసిందే. తేనెకు మాత్రం మెట్టనేల, అడవి అంచు చేసిన మేలే ఎక్కువ. ఆ మాట సాగు చరిత్రల్లో అరుదుగా కనిపిస్తుంది. 1970ల నుంచి దక్కనులో వ్యాపించిన పొద్దుతిరుగుడు మకరందం ఇచ్చే పైర్ల లోటును కొంత తీర్చింది. దాని తేనె త్వరగా గడ్డకడుతుంది, ఎందుకంటే అందులో గ్లూకోజు పాలు ఎక్కువ. గడ్డకట్టిన తేనెను చక్కెర కలిపిన తేనె అనుకోవడం పొరపాటు.

మూడో తేడా తీసే పద్ధతిది. అడవి అంచు పల్లెలు, తండాల వారికి తునికాకు, ఇప్పపూల లాగే తేనె కూడా అడవి ఇచ్చే రాబడి. పచ్చి ఆకుల్లో ఎండుగడ్డి చుట్టి పొగ పెట్టి, చీకటి రాత్రుల్లో చెట్టెక్కి, కత్తితో పెర కోసి గంపలోకి దించేవారు. నల్లమల చెంచుల్లో కొండకొమ్ము నుంచి దిగేవాడి తాడును బావమరిదే పట్టుకోవాలనే ఆచారం ఉంది. ప్రాణం అప్పగించే పని కనుక నమ్మకం ఉన్న చేతికే ఇస్తారు. పాత అలవాటు ప్రకారం పిల్లఈగల అర, పుప్పొడి, తేనె అర అన్నీ కలిపి గుడ్డలో పిండితే తేనె మసకగా మారి త్వరగా పులుస్తుంది. తేనె నిండిన పైభాగం మాత్రమే కోసి, పిల్లల అర వదిలేస్తే తేనె తేటగా వస్తుంది, ఈగల గుంపూ నిలుస్తుంది. రెండో పద్ధతే సరైనది, ఇందులో సందేహానికి చోటు లేదు. పిండిన పెర కూడా వృథా కాదు. కరిగిస్తే వచ్చే మైనం ఎంతో పనికి వస్తుంది. ఆదిలాబాద్ ఓజాలు ఇత్తడి బొమ్మలు పోత పోయడానికి ముందు దానితోనే రూపం దిద్దుతారు.

పెట్టె తేనె చివరగా వచ్చింది. పుట్ట తేనెటీగను పెట్టెలో పెంచడం దక్షిణాదిలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఊపందుకుంది. 1991 నాటి సంచి పిల్లతెగులు వైరస్ ఆ పెంపకాన్ని దెబ్బతీసింది. 1962లో నేటి హిమాచల్‌ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగ ఆ ఖాళీని ఆక్రమించింది. పెట్టెలను పూత వెంట లారీల్లో తరలించవచ్చు, తేనెను పెర చెడకుండా యంత్రంలో తిప్పి తీయవచ్చు. ఆ తేనె చాలావరకు ఒకే తీరుగా ఉండటం వల్ల సీసాలో ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కొనేవారి కళ్లు దానికి అలవాటుపడి, అడవి తేనెను అనుమానించసాగాయి.

ఆహార ప్రమాణం ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. పెద్ద ఈగ తేనెలో తేమ సహజంగానే ఆ గీత దగ్గరో, దాని పైనో ఉంటుంది కనుక పలుచగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని కల్తీ అనలేం. నీటిచుక్క, అగ్గిపుల్ల పరీక్షలు ఏదీ తేల్చవు, కల్తీ తేలేది ప్రయోగశాలలోనే. ఇక తేనె తీసేవారి సంగతికి వస్తే, 2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని పేరుపెట్టి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అర్హులైన అడవి వాసులకు వాటిని సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది.