కొల్లేరు బాతుల కోసం తెల్లవారుజామునే వెళ్తున్నారా.. ఒంటి మీద ఏం ఉండాలంటే?

బెంజ్ సర్కిల్ దగ్గర తెల్లవారుజామున నాలుగున్నరకి బండి తీస్తే, గుడివాడ మీదుగా కైకలూరు పక్కనున్న ఆటపాకకు తెల్లారేసరికి చేరుకోవచ్చు. డిసెంబర్, జనవరి నెలల్లో సూదితోక బాతుల్లాంటి వలస పక్షులు కొల్లేరులో దిగుతాయి. ఈ చలికి ఏ బట్టలు వేసుకోవాలని ఫోన్‌లో వెతికితే ఎక్కువగా వచ్చేవి అమెరికా బాతుల వేట వీడియోలే. వాటిలో కొన్ని సలహాలు ఇక్కడా పనికొస్తాయి, కొన్ని అస్సలు రావు.

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. అక్కడ లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో బాతుల్ని వేటాడొచ్చు. ఇక్కడ అడవి బాతును కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా. కాబట్టి తుపాకీ మాట మర్చిపోయి బైనాక్యులర్ పట్టుకెళ్లండి.

చలి ఎక్కడుందంటే..

విజయవాడలో ఈ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత దాదాపు 18, 19 డిగ్రీలు. "ఇదేం చలి!" అనుకుంటారు. బైక్ మీద గంటన్నర గాలి కొట్టాక, పొలాల మీద మంచులో తడిశాక తెలుస్తుంది. మళ్లీ పది దాటితే ఎండ, మధ్యాహ్నానికి 30 డిగ్రీలకు దగ్గర. అందుకే ఒక్క మందపాటి స్వెట్టర్ కంటే పల్చటివి మూడు మేలు. పొరల మధ్య చిక్కుకున్న గాలే ఒంటి వేడిని ఆపుతుంది. బాతు ఈకలు చేసే పనీ ఇదే. ఎండెక్కే కొద్దీ ఒక్కోటీ తీసి బ్యాగులో పెట్టేసుకోవచ్చు.

లోపల కాటన్ బనీను వద్దు. చెమటకో మంచుకో తడిస్తే ఒంటికి అతుక్కుని ఓ పట్టాన ఆరదు. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్ట్ బెటర్. దాని మీద పల్చటి స్వెట్టర్, పైన గాలి దూరని జాకెట్. రెయిన్‌కోట్ పైభాగం ఉంటే కొత్త జాకెట్ కొనక్కర్లేదు. అదీ లేకపోతే చొక్కా లోపల ఛాతీ మీద న్యూస్‌పేపర్ పెట్టుకునే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. చేతులకు గ్లౌజులు, హెల్మెట్ కింద మఫ్లర్ ఉండాలి. మఫ్లర్ కొసలు లోపలికి దోపుకోండి, వేలాడితే చక్రంలో పడే ప్రమాదం ఉంది.

రంగు సంగతి

పక్షులు మనకంటే రంగుల్ని బాగా గుర్తుపడతాయి. బాతుకి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు. తెల్ల చొక్కా, మెరిసే జాకెట్, ఎర్ర చున్నీ దూరం నుంచే పట్టిచ్చేస్తాయి. బురద రంగు, ముదురు ఆకుపచ్చ, ఖాకీ అయితే మంచిది. మిలిటరీ డిజైన్ కోసం డబ్బులు తగలేయక్కర్లేదు. పైగా సైనికుడని నమ్మించడానికి అలాంటి దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. బీసెంట్ రోడ్డులో దొరికే సాదా బట్టలు చాలు. ఎంత మంచి రంగు వేసుకున్నా చేతులూపుతూ సెల్ఫీలకు లేస్తే మాత్రం పిట్ట ఎగిరిపోతుంది.

ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు. పేరులో బాతు ఉన్నా అవి పెలికాన్లు, బాతులు కావు. మనుషులకు కాస్త అలవాటు పడ్డాయి కాబట్టి దగ్గర్నుంచి చూడొచ్చు. వలస బాతులు అంత దగ్గరికి రానివ్వవు.

పడవ ఎక్కేటప్పుడు జాగ్రత్త

అమెరికా వేటగాళ్లు ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు వేస్తారు. మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లూ ఆ వీడియోల్లో కనిపిస్తాయి. వాటిలోకి నీళ్లు చేరితే కాళ్లు కదపడం కష్టం. పడవలో అవి వద్దు. గట్ల మీద బురదకు పట్టీలున్న శాండిల్స్ నయం, చెప్పులు మాత్రం ఊడిపోతాయి. లైఫ్ జాకెట్ అన్ని బట్టల మీదా, చివర్న వేసుకోవాలి. చలేస్తోందని దాని మీద శాలువా కప్పుకుంటే, నీళ్లలో పడినప్పుడు చేతులకు చుట్టుకునేది ఆ శాలువానే.