వరుస, కారణం, కాగితం: టీకా అనంతర ఘటనల నిర్ధారణలో ఖమ్మం చెప్పే పాఠం

2009 జులైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ టీకాను ప్రభుత్వ యంత్రాంగం ద్వారా ఎలా అందించవచ్చో చూడటం ఆ ప్రాజెక్టు ఉద్దేశం. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దాన్ని నడిపాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే సాగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం రెండింటినీ ఆపించింది. టీకా వేయించుకున్నవారిలో ఖమ్మంలో ఐదుగురు, వడోదరలో ఇద్దరు బాలికలు చనిపోయారన్న వార్త దేశమంతా పాకింది.

కేంద్రం వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్నీ విడిగా పరిశీలించింది. ఒక అమ్మాయి క్వారీ నీటిలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు: ఒకరికి తీవ్ర జ్వరం, మరొకరికి మెదడులో రక్తస్రావం జరిగిందన్న అనుమానం. మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదన్నది సంఘం మాట. అంతర్జాతీయ అనుభవం కూడా అటే మొగ్గుతుంది. 27 కోట్లకు పైగా డోసుల అనుభవాన్ని 2017లో సమీక్షించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఈ టీకా అత్యంత సురక్షితమనే తేల్చింది.

అయినా ఖమ్మంలో అనుమానం చావలేదు. అందుకు కారణం టీకాలో లేదు, కాగితాల్లో ఉందని నా వాదన. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. దుష్ఫలితాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని కూడా ఆ సంఘం తప్పుపట్టింది. తల్లిదండ్రులను అడగకుండా వేసిన సూది గురించి తర్వాత ఎంత మంచి శాస్త్రం చెప్పినా ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు?

ఇప్పటి పద్ధతిని ఒక ఊరి నుంచి చూద్దాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ఒక పసిబిడ్డకు సూది వేసిన రాత్రే ఫిట్స్ వచ్చాయనుకుందాం. ఆశా కార్యకర్త ఏఎన్ఎంకు చెబుతుంది. ఆమె ద్వారా విషయం వైద్యాధికారికి, అక్కడి నుంచి అనకాపల్లిలోని జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి, ఆపై రాష్ట్రానికి చేరుతుంది. సూది ఏ గంటకు వేశారు, లక్షణం ఏ గంటకు కనబడింది, సీసా బ్యాచ్ నంబరెంత, అదే సీసా నుంచి ఇంకెవరికి వేశారు అన్నవి ఫారంలో ఉండాలి. తట్టు–రుబెల్లా మందు పొడిని ద్రావకంతో కలిపితే నాలుగు గంటల్లోపే వాడాలి. అందుకే సీసా మీద కలిపిన సమయం రాసే ఆ చిన్న అలవాటు తర్వాతి విచారణకు ఆధారమవుతుంది.

ఇలా చేరిన ఘటనను పరిశీలించే నిపుణుల సంఘం అడిగేది కొన్ని ప్రశ్నలే. వేరే జబ్బు ఏదైనా దీనికి కారణమా? ఈ టీకాతో ఇలా జరుగుతుందని రుజువుందా? సమయం సరిపోతోందా? జవాబులను బట్టి ఘటన టీకాకు సంబంధించినదో, కాకతాళీయమో, అనిశ్చితమో, సమాచారం లేక వర్గీకరించలేనిదో తేలుస్తారు. 2021లో కోవిడ్ టీకాల తర్వాతి 31 తీవ్ర ఘటనలను జాతీయ సంఘం పరిశీలించినప్పుడు 18 కాకతాళీయమని, 3 టీకాకు సంబంధించినవని, 1 సూది భయం వల్ల జరిగిందని, 7 అనిశ్చితమని, 2 వర్గీకరించలేనివని తేలింది.

టీకా నిర్దోషి అయినంత మాత్రాన వ్యవస్థ నిర్దోషి కాదు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రగా పారాసిటమాల్ బదులు ట్రమడాల్ ఇచ్చారు. పిల్లలు నీలోఫర్ ఆసుపత్రిలో చేరారు, మరణాలూ సంభవించాయి. మిగిలిన మాత్రల పట్టీని ఎవరో తిప్పి చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

ఒకే ఘటనతో తేలనిది గుంపు లెక్కతో తేలుతుంది. ఆ వయసు పిల్లల్లో టీకా లేకపోయినా ఎన్ని మరణాలు జరుగుతాయో తెలిస్తేనే, టీకా తర్వాత పెరిగాయో లేదో చెప్పగలం. ఆ లెక్కకు కింది నుంచి నిజాయితీగా నివేదికలు రావాలి. నివేదిస్తే మెమో వస్తుందని భయపడే ఏఎన్ఎం రాయదు. అప్పుడు ఆ ఊరు కాగితం మీద ప్రశాంతంగా కనిపిస్తుంది. మరో లోపం, తీర్పు పైకి వెళ్లినంత శ్రద్ధగా కిందికి రాకపోవడం. ‘అనిశ్చితం’ అని తేలినా, ఆ మాటను, దానికి కారణాన్ని తెలుగులో ఒక పేజీలో రాసి, వైద్యాధికారి సంతకంతో ఆ తల్లిదండ్రుల చేతికివ్వడాన్ని విచారణలో చివరి దశగా మార్గదర్శకాల్లో చేర్చాలి.