జమ్మికుంట మజిలీ: ఆగి సాగే వార్తల కథ

బ్లాగులో రాసేదానికి మనం టపా అని పేరు పెట్టుకున్నాం. ఆ మాట వయసు మన యంత్రాలన్నిటికన్నా ఎక్కువ. టపా అంటే ఉత్తరాల రాకపోక. హిందుస్తానీలో టప్పా అంటే మజిలీ. హర్కారా సంచీ మోసుకొచ్చి మజిలీలో అప్పగిస్తాడు. అక్కడినుంచి మరొకడు అందుకుంటాడు. దారి మొత్తం ఒకేసారి తెరిచి ఉండనక్కరలేదు, తరువాతి అంగ వేయడానికి చోటుంటే చాలు. కంప్యూటరు పండితులు స్టోర్ అండ్ ఫార్వర్డ్ అన్నది దీన్నే. ఆగి సాగే పద్ధతి అందాం.

నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు ఉండేవి. ఆ శాఖ 1950లో భారత తపాలాలో కలిసింది. కాజీపేట-బల్హార్షా రైలుమార్గం 1929లో పూర్తయి, మద్రాసును ఢిల్లీతో కలిపింది. జమ్మికుంట ఆ దారిలోని స్టేషను. ఇటు కాజీపేట, అటు పెద్దపల్లి, మంచిర్యాల, కాగజ్‌నగర్. పత్తి మార్కెట్టుకు పేరుపడిన ఊరికి ధర తెలియడమంటే బతుకు తెలియడమే. మెయిలు బండ్లలో ఆర్.ఎం.ఎస్. ఉద్యోగులు నడుస్తున్న బండిలోనే ఉత్తరాలను ఊళ్ళవారీగా అరల్లో సర్దేవారు. డబ్బా తెరిచే వేళ దాటితే, కాస్త అదనపు రుసుముతో బండికున్న పెట్టెలోనే వేయవచ్చు. పరుగెత్తే మజిలీ అన్నమాట!

తంతి సంగతి ఇంకా ఆసక్తికరం. తెలంగాణలో తార్ అన్నదే వాడుక. తీగ వెంట మెరుపులా పోయిందని జనం అనుకునేవారు గాని, చిన్న ఊరి తార్ ఒక్క దూకులో దూరనగరం చేరేది కాదు. నడుమ కార్యాలయంలో ఉద్యోగి మోర్సు శబ్దాన్ని విని, కాగితంపై రాసి, వరుసలో పెట్టి, తరువాతి తీగ ఖాళీ అయ్యాక మళ్ళీ కొట్టేవాడు. తరువాత పెద్ద కేంద్రాలలో ఈ పని చేయడానికి కంప్యూటర్లు వచ్చాయి, సరిగ్గా స్టోర్ అండ్ ఫార్వర్డ్ అన్న పేరుతోనే. 2013 జులైలో తంతి సేవ ఆగింది. చావుకబుర్ల భయంతోనే తార్‌ను తలచుకునే మన పెద్దలు దానికోసం పెద్దగా ఏడవలేదు. నాకు మాత్రం యంత్రం కన్నా దాని వెనకున్న నియమం పోయినందుకు బాధ. పుచ్చుకున్న వార్తకు పుచ్చుకున్న కార్యాలయమే పూచీ. రసీదు ఇచ్చిన క్షణంనుంచి పంపినవాడు ఇంటికి పోయి నిద్రపోవచ్చు.

అంతర్జాలంలో తెలుగు తొలి అడుగులూ ఈ బాటలోనే పడ్డాయి. 1970ల చివర బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూయూసీపీ రాత్రివేళ ఫోను కలిపి, పోగైన ఉత్తరాల మూట పక్క యంత్రానికి అప్పగించేది. యూజ్‌నెట్ దానిమీదే మొదలైంది. మన దేశంలో ఎర్నెట్ కూడా 1980లలో యూయూసీపీతోనే ఆరంభమైంది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ తెలుగును రోమన్ అక్షరాల్లో నడిపించింది. ఎన్ని మజిలీలు మారినా చెడని అక్షరాలు అవే మరి. లేఖినిలో టైపు చేసే మన వేళ్ళకు ఆ అలవాటు ఇంకా పోలేదు.

తరువాత కథ బస్సెక్కింది. ఎం.ఐ.టి. నుంచి వచ్చిన డాక్‌నెట్ కర్ణాటకలోని దొడ్డబళ్ళాపురం తాలూకాలో బస్సుకు వైఫై పెట్టె బిగించింది. బస్సు ఊరి కియోస్కు ముందు ఆగగానే అర్జీలు ఎక్కేవి, జవాబులు దిగేవి. 2006లో వాటర్లూ విశ్వవిద్యాలయంవారు కియోస్క్‌నెట్‌ను విశాఖ జిల్లా ఆనందపురంలో పరీక్షించారు. పాత కంప్యూటర్లే కియోస్కులు. వాహనంలో బ్యాటరీతో నడిచే చిన్న కంప్యూటరే హర్కారా. చవక మొబైలు డేటా రాగానే వీటిని అందరూ మరచారు. మరవడం సహజమే గాని, టవరు అందని చోటు ఇంకా ఉందన్న సంగతినీ దానితోపాటే మరచారు.

బల్హార్షా దారిలో ఉత్తరానికి పోయి, పట్టాలు విడిచి ఆదిలాబాదు అడవి వైపు తిరిగితే ఆ తేడా తెలుస్తుంది. చౌకధరల దుకాణంలో వేలిముద్రను దూరపు కంప్యూటరుతో అప్పటికప్పుడు సరిపోల్చాలి. సంకేతం తెగితే బియ్యం ఆగుతుంది. దుకాణంలో బియ్యముంది, ఎదుట మనిషి ఉన్నాడు, జాబితాలో పేరుంది. లేనిది ఆ క్షణాన తెరిచిన దారి ఒక్కటే. ఈ లెక్కను రాసి ఉంచుకుని, దారి దొరికాక పంపితే ఏమి మునిగిపోతుంది? మోసం జరుగుతుందంటారు. తంతి డబ్బు మనియార్డర్లను దశాబ్దాలపాటు మన తపాలా కార్యాలయాలు మజిలీల మీదుగానే పంపాయి, ఆ భయంతో ఆపలేదు.

విచిత్రమేమంటే, ఇదే పద్ధతిని అంతరిక్షానికి మాత్రం శ్రద్ధగా సిద్ధం చేస్తున్నారు. అంతర్జాల నిర్మాతలలో ఒకరైన వింట్ సెర్ఫ్ ప్రభృతులు జాప్యాన్ని సహించే వలకు 2007లో రూపురేఖలు ప్రకటించారు. 2016 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నాసా దాన్ని వాడుతోంది. 2007నాటి బండిల్ ప్రోటోకాల్‌లో కస్టడీ అనే ఏర్పాటు ఉండేది: మూటను అందుకున్న మజిలీ ఇక దాని బాధ్యత తనదేనని వెనక్కి కబురు పంపుతుంది. అచ్చంగా తార్ రసీదే. 2022లో వచ్చిన కొత్త ప్రమాణంలో ఆ ఏర్పాటును మూలపాఠంనుంచి తీసివేశారు. కావలసినవారు విడిగా చేర్చుకోవాలి.