బుల్లెట్ అచ్చు

కరిగిన సీసాన్ని పోసి తుపాకి గుండును తయారుచేసే రెండు దిమ్మల పనిముట్టు బుల్లెట్ అచ్చు. దిమ్మలు రెండూ మూసినప్పుడు మధ్యలో గుండు ఆకారంలో గుంట ఏర్పడుతుంది. పైపలకకున్న చిల్లు గుండా సీసం పోస్తారు. అది గడ్డకట్టాక పలకను పక్కకు తడితే చిల్లులో మిగిలిన అదనపు సీసం తెగిపోతుంది. దిమ్మలు విప్పితే గుండు రాలిపడుతుంది. పని చూడటానికి ఇంతే. గొట్టానికీ గుండుకీ కొలత కుదర్చడం మాత్రం తుపాకి పుట్టినప్పటినుంచీ చిక్కే, ఆ చిక్కంతా ఈ చిన్న పనిముట్టు మీదే పడింది. ఇంట్లో గుళ్ళు పోసుకునే అలవాటు నేటికీ విస్తారంగా ఉన్నది అమెరికాలో కనుక ఈ చరిత్రలో ఎక్కువ భాగం అక్కడిదే.

సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానికి కొలిమి అక్కర్లేదు, కట్టెల పొయ్యి చాలు. అందుకే తుపాకి కంటే సీసపు గుండు చాలా పాతది. గ్రీకులు, రోమన్లు వడిసెలతో విసరడానికి బాదం గింజ ఆకారపు గుళ్ళను అచ్చుల్లో పోసేవారు. సేనాని పేరో, శత్రువును ఎత్తిపొడిచే మాటో అచ్చులోనే చెక్కితే గుండు మీద ఉబ్బెత్తుగా పడేది. ఇటలీలోని పెరూసియా నగరాన్ని క్రీ.పూ. 41-40లో ముట్టడించినప్పటి గుళ్ళ మీద అలాంటి రాతలు ఇప్పటికీ చదవవచ్చు.

తుపాకులు వచ్చిన తొలి రోజుల్లో గొట్టాలన్నీ చేతిపనే. ఒకే కమ్మరి చేసిన రెండు గొట్టాలు కూడా లోపలి వ్యాసంలో సరిపోయేవి కావు. కాబట్టి తుపాకితో పాటు దానికి సరిపడే అచ్చునూ చేసి ఇచ్చేవారు. అది పోతే తుపాకి ఉన్నా లేనట్టే. గొట్టం లావును చెప్పడానికీ సీసమే కొలబద్ద అయింది. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుళ్ళుగా పోస్తే ఒక్కో గుండు పట్టేంత గొట్టం 12 బోర్, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. తెలుగు జిల్లాల్లో లైసెన్సు తుపాకి ఉన్నవారి నోట వినిపించే 12 బోర్ లెక్క అక్కడినుంచి వచ్చిందే.

సైన్యాలు మరో దారి పట్టాయి. వేల తుపాకులకు వేల అచ్చులు పెట్టలేక, గొట్టం కంటే కావాలనే చిన్న గుండు పోయించాయి. బ్రిటిష్ సైన్యపు బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం సుమారు 0.75 అంగుళం, గుండు మాత్రం 0.69 అంగుళం దరిదాపుల్లో ఉండేది. మసి పట్టిన గొట్టంలోకి కూడా గుండు చప్పున జారేది. గురి మాత్రం చెడేది. ఒకేసారి వరసగా ఎన్నో గుళ్ళు పోసే ఇత్తడి అచ్చులు ఈ అవసరానికే వచ్చాయి. 

ఇంట్లో గుళ్ళు పోసిన కథల్లో అంకెలతో సహా దొరికేది అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని ఒక కథ. 1776 జూలై 9న న్యూయార్క్ జనం బౌలింగ్ గ్రీన్‌లోని మూడో జార్జి రాజు సీసపు విగ్రహాన్ని పడగొట్టారు. ఆ సీసంలో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు, ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేరింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. ఆయన రాసుకున్న పద్దు ప్రకారం అక్కడ తయారైన తూటాలు 42,088. రూత్ మార్విన్ అనే ఆమె చేసినవి 11,592, ఆయన కూతుళ్ళు మేరీ ఆన్ 10,790, లారా 8,378. పదేళ్ళయినా నిండని కొడుకు ఫ్రెడరిక్ ఖాతాలో 936 ఉన్నాయి. యుద్ధ చరిత్రలు సేనానుల పేర్లతో నిండిపోతాయి; ఆడవాళ్ళ, పిల్లల చేతిపని ఇలా పేరుపేరునా, అంకె తప్పకుండా నిలిచిన పద్దు అరుదు. ఈ పనిముట్టు చరిత్రలో దాన్ని మించిన పత్రం లేదనే చెప్పాలి.

1804లో పశ్చిమ తీరానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ దళం తుపాకి మందును 52 సీసపు డబ్బాల్లో పట్టుకెళ్ళింది. డబ్బాలో ఎంత మందు ఉందో దానికి సరిపడే గుళ్ళు ఆ డబ్బాను కరిగిస్తేనే వచ్చేవి. నీళ్ళలో పడినా మందు తడవలేదు, ఖాళీ డబ్బా బరువూ వృథా కాలేదు. మెరివెదర్ లూయిస్ ముందుచూపు అది.

సైన్యాల్లో గుండ్రటి గుండు స్థానంలో కోసు గుండును నిలబెట్టినది 1849 నాటి మినీయే బుల్లెట్. ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మినీయే గుండు అడుగును బోలుగా ఉంచాడు. మందు పేలిన ఒత్తిడికి ఆ అడుగు విచ్చుకుని గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ళను పట్టుకునేది. బోలు కోసం అచ్చులోకి విడిగా ఒక మొల అవసరమైంది. అచ్చు మూడు ముక్కల పనిముట్టయింది. అదే కాలంలో కోల్ట్ రివాల్వర్ల పెట్టెల్లో రెండు గుంటల అచ్చు ఉండేది, ఒకటి గుండ్రటి గుండుకు, రెండోది కోసు గుండుకు. పిడులు కూడా లోహమే కావడంతో నాలుగు గుళ్ళు పోసేసరికి చెయ్యి కాలేది. తర్వాతి అచ్చులకు చెక్క పిడులు వచ్చాయి.

లోహపు తూటాలు వచ్చాక ఇంటి అచ్చు పని అయిపోయిందనిపించింది. కానీ పేల్చాక మిగిలే ఇత్తడి గుల్ల ఖరీదైనది, మళ్ళీ మళ్ళీ వాడుకోదగినది; దాన్ని నింపిన ప్రతిసారీ కొత్త గుండు కావాలి. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, పట్టకారులాంటి ఒకే పనిముట్టులో అచ్చునూ గుల్ల నింపే సాధనాలనూ కలిపి అమ్మాడు. 1925లో ఆ వ్యాపారం లైమన్ కంపెనీ చేతికి వచ్చింది. అచ్చులకు పడిన నంబర్లు నేటికీ నడుస్తున్నాయి. 429421లో మొదటి మూడంకెలు 0.429 అంగుళం వ్యాసం, తక్కినవి ఆకార సంఖ్య.

ఆ ఆకారం ఎల్మర్ కీత్‌ది. పశువుల మధ్య, వేటలో బతికిన ఈ రచయిత .44 రివాల్వర్‌కు సుమారు 250 గ్రెయిన్ల, అంటే 16 గ్రాముల గుండు రూపొందించాడు. ముక్కు చదును, ఒంటికి మూడు వెడల్పు పట్టీలు, మధ్యలో కందెన నిలిచే లోతైన గాడి. కాగితపు గురి మీద అంచు తెగినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. .44 స్పెషల్ తూటాలో బరువైన మందు మోతాదులతో ఆయన ఏళ్ళ తరబడి సాగించిన పట్టుదలే 1955లో .44 మాగ్నమ్ తూటా రాకకు కారణమైంది. చేతి తుపాకుల గుళ్ళలో ఇంతటి ప్రభావం చూపిన ఆకారం ఇంకొకటి లేదు.

రైఫిళ్ళలో సీసం వెనకబడటానికి కారణం పొగలేని మందు. దాని వేగానికి మెత్తటి సీసం గొట్టంలో అంటుకుపోతుంది. అందుకే రాగి తొడుగు బుల్లెట్లు వచ్చాయి. చేతి తుపాకి వేగం తక్కువ. అచ్చు అక్కడ బతికి బట్టకట్టింది.

అచ్చు ఎంచుకునేవారు మొదట చూడాల్సింది గుంటల సంఖ్యా కాదు, ధరా కాదు, గొట్టం కొలత. గుండు గొట్టం గాళ్ళ వ్యాసం కంటే సాధారణంగా వెయ్యో వంతు అంగుళం లావుండాలి. సన్నగా ఉంటే పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కోస్తుంది. అచ్చు మీద రాసిన వ్యాసం కూడా మిశ్రమాన్ని బట్టి మారుతుంది. లైమన్ తన కొలతలకు ఆధారంగా తీసుకున్న 2వ నంబరు మిశ్రమంలో సీసం 90, తగరం 5, అంటిమొని 5 పాళ్ళు. ఇనుప దిమ్మ నిదానంగా వేడెక్కుతుంది, దీర్ఘకాలం మన్నుతుంది, తుప్పు పడుతుంది. అల్యూమినియం చవక, తేలిక, త్వరగా వేడెక్కుతుంది, కానీ మొరటుగా వాడితే అంచులు పాడవుతాయి. విస్కాన్సిన్‌లోని లీ ప్రెసిషన్ అల్యూమినియం అచ్చులే కొత్తవారిని ఈ పనిలోకి ఎక్కువగా దించాయి. దిమ్మల లోపలి ముఖాల మీద వెంట్రుకంత సన్నని గీతలు కనిపిస్తాయి. గాలి తప్పించుకునే దారులవి. అవి పూడిపోతే గుండు అంచులు మొండిగా వస్తాయి.

లైనోటైప్ అచ్చు యంత్రాల పాత లోహం ఈ పనివారికి చాలాకాలం పెన్నిధి. అందులో అంటిమొని 12 శాతం, తగరం 4 శాతం, మిగిలినది సీసం. తెలుగు కంపోజిటర్లు పేర్చిన అక్షరాలూ ఆ మూడు లోహాలవే. ముద్రణ కంప్యూటర్లకు మారాక ఆ సరఫరా ఎండిపోయింది. కారు చక్రాలకు కొట్టే సీసపు బరువులు తర్వాతి ఆధారమయ్యాయి. ఇప్పుడు వాటి స్థానంలో ఇనుము, జింకు వస్తున్నాయి. జింకు కొంచెం కలిసినా పోత చెడుతుంది.

సీసం విషం. ధూళిగా చేతికంటి, అన్నంతో కడుపులోకి పోతుంది. పిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగిరానిది. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది ఆవిరై లోహాన్ని నలుదిక్కులా చిమ్ముతుంది. అమెరికా ఫెడరల్ చట్టం సొంత వాడకానికి గుళ్ళు, తూటాలు చేసుకోనిస్తుంది, అమ్మకానికైతే లైసెన్సు అడుగుతుంది. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం.