కాందిశీకులకు ఆతిథ్యము

ప్రొద్దు గ్రుంకువేళ పరదేశపు కుటుంబమొకటి మూటలు నెత్తినబెట్టుకొని మీ గ్రామమునకు వచ్చెననుకొనుడి. ఆ రాత్రి వారికి అన్నము పెట్టనివారుండరు. రెండవ మాసమున పెట్టువారెవరు? 1914వ సంవత్సరమున ఇంగ్లండు దేశమంతటికి ఈ ప్రశ్న ఎదురయ్యెను.

ఆ యేట ఆగస్టు 4వ తేదీన జర్మను సేనలు బెల్జియము దేశములో ప్రవేశించెను. ఊళ్లు కాలిపోవుచుండగా జనులు సముద్రతీరమునకు పరుగెత్తిరి. అక్టోబరులో ఆంట్‌వెర్ప్ పట్టణము శత్రువుల వశమైన పిమ్మట, ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ రేవునకు ఒక్క దినముననే సుమారు 16,000 మంది చేరిరి. యుద్ధకాలములో ఆ దేశమున తలదాచుకొన్న బెల్జియనులు సుమారు 2,50,000 మంది.

ఇంతమందిని పోషించుట ఒక్కరివలన నగు పని కాదు. ఆగస్టు నెలలోనే లేడీ లుగార్డ్ మొదలగువారు లండనులో యుద్ధ కాందిశీకుల సంఘమును స్థాపించిరి. సెప్టెంబరు 9వ తేదీన మంత్రి హెర్బర్ట్ శామ్యూల్, దేశము వీరికి ఆతిథ్యమిచ్చునని పార్లమెంటులో ప్రకటించెను. అంతట పని పంచుకొనిరి. ప్రభుత్వము అలెగ్జాండ్రా ప్యాలెస్ వంటి విశాల భవనములలో తాత్కాలికముగా బస, భోజనము ఏర్పరచెను. ఎవరెక్కడ నున్నదియు తెలియుటకై పేర్లు పట్టీలో వ్రాయించెను. ఏ కుటుంబమును ఏ ఊరికి పంపవలెనో లండను సంఘము చూచుకొనెను. ఊళ్లలో సుమారు 2,500 స్థానిక సంఘములు వారికి ఇల్లు వెదకి, పొయ్యి వెలిగించెను.

వచ్చినవారిలో చాలమంది రోమను కతోలికులు. చేర్చుకొన్నవారిలో ఎక్కువమంది ప్రొటెస్టంటులు. భాష వేరు, వంట వేరు, ఆరాధన వేరు. అయినను తలుపులు తెరచిరి.

క్రిస్మసునాటికి యుద్ధము ముగియునని అనేకులు తలంచిరి. ముగియలేదు. చందాలు తగ్గెను. తమ కుమారులు యుద్ధములో చనిపోవుచుండగా బెల్జియను యువకులు ఇక్కడ ఊరకయున్నారేమని కొందరు సణిగిరి. అతిథులకును అది బాధయే. పరుల దయపై బ్రతుకుట ఎవరికి ఇష్టము? అప్పుడు ప్రభుత్వ ధనము లోటును కొంత పూడ్చగా, కూలిపని మరికొంత పూడ్చెను. ఆయుధ కర్మాగారములు వారిని పనిలో చేర్చుకొనెను. బర్ట్లీ అను ఊరియొద్ద ఎలిజబెత్‌విల్ అను బెల్జియనుల గ్రామమే వెలసెను. అందు వారికి స్వంత బడి, దేవాలయము, ఆసుపత్రి యుండెను. కష్టపడి తెచ్చుకొన్న కూలితో వారు మరల తలయెత్తుకొని తిరిగిరి.

1918లో యుద్ధము ముగిసెను. మరుసటి యేడు ముగియులోపల అత్యధికులు స్వదేశమునకు మరలిపోయిరి.

చదువరులారా, ఇల్లు విడిచి పారివచ్చినవారు మన వాకిట నిలిచిన దినమున దీనిని జ్ఞాపకము చేసికొనుడి. ప్రభుత్వమునకు వార్త పంపువారెవరు, బస చూపువారెవరు, పిల్లలను బడిలో చేర్చువారెవరు, పెద్దలకు పని వెదకువారెవరు అని మొదటి వారములోనే కూర్చుండి పంచుకొనుడి. వచ్చినవారిని కూడ ఆ కూటమిలో కూర్చుండబెట్టి, వారికేమి చేతనగునో అడుగుడి. మొదటి పూట అన్నము జాలివలన వచ్చును. నూరవ పూట అన్నము ఏర్పాటువలన వచ్చును. ఆకలి మాత్రము రెండు పూటలను ఒక్కటే.