వెలివేయబడిన చిత్రకారుడు, వెలివేయబడని చిత్రము

నేరము చేసిన కళాకారుని కృతిని ఉంచుకొనవలెనా అను ప్రశ్న క్రొత్తది కాదు. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1606లో రోము నగరమున ఒకనిని చంపి పారిపోయెను. మాల్టా ద్వీపమునేలిన సెయింట్ జాన్ వీరయోధుల సంఘము, నరహత్య చేసినవానిని చేర్చుకొనుటకు పోపు అనుమతి పొంది మరీ, 1608 జూలైలో అతనికి సభ్యత్వమిచ్చెను. వారి ప్రార్థనామందిరమునకు అతడు బాప్తిస్మమిచ్చు యోహాను శిరశ్ఛేదమును చిత్రించెను. వెడల్పు 5 మీటర్లు మించిన ఆ పటమున, యోహాను కంఠమునుండి కారిన నెత్తుటిలో తన సంతకము వ్రాసెను. అతడు సంతకము చేసిన చిత్రము ఇదొక్కటియే. పేరునకు ముందు గల 'ఎఫ్' అను అక్షరము 'సోదరుడు' అను సంఘబిరుదమునకు సంక్షేపము.

ఆ ఆగస్టులోనే, ఒక యోధుడు తీవ్రముగా గాయపడిన కలహమున పాల్గొన్నందుకు అతడు చెరపాలై, తప్పించుకొని సిసిలీకి పోయెను. డిసెంబరు 1న ఆ మందిరముననే సభచేసి సంఘమతనిని వెలివేసెను. బిరుదము తొలగించినవారు పటముపై అక్షరమును చెరుపలేదు. దీనిని క్షమయని కొందరనవచ్చును, నాకట్లు తోచదు. మనిషికి వారు క్షమ చూపనేలేదు. పటమును దించియుండినచో, హంతకుడని యెరిగియు అతనిని చేర్చుకొన్న తమ పనికి సాక్ష్యమొకటి మరుగుపడెడిది. ఆ చిత్రము వాలెట్టాలో నేటికిని ఆ మందిరముననే యున్నది.