నాచు గాదెలో నత్రజని

1887లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఆంటోనినో బోర్జీ నీలి ఆకుపచ్చ నాచు కణాల్లో చిన్న గింజల్ని గమనించి, సయనోఫైసిన్ అని పేరు పెట్టాడు. వాటి గుట్టు విప్పడానికి 84 ఏళ్లు పట్టింది. 1971లో రాబర్ట్ సైమన్ అనబీనా సిలిండ్రికా అనే నాచు నుంచి వాటిని వేరుచేసి, అవి ఆస్పార్టిక్ ఆమ్లం, ఆర్జినిన్ కలిసిన గొలుసులని చూపించాడు. ఒక్క ఆర్జినిన్‌లోనే నాలుగు నత్రజని పరమాణువులు!

మా ల్యాబ్‌లో పిల్లలకు రెండు సీసాల నాచు పక్కపక్కన చూపిస్తాను. జోరుగా పెరుగుతున్నదాంట్లో గింజలు అరుదు. ఎదుగుదల ఆగిన ముదురు నాచులో కణకణానా కనిపిస్తాయి. వెలుతురు తగ్గినా, చలి పెరిగినా, ఫాస్ఫరస్, గంధకం కరువైనా ఎదుగుదల మందగిస్తుంది. మిగిలిన నత్రజని ఈ గింజల గాదెకు చేరుతుంది. నత్రజని కరువు వచ్చిననాడు కణం దాన్నే కరిగించి వాడుకుంటుంది. కాబట్టి, పిల్లలూ, నాచు వయసూ వెలుతురూ రాయకుండా గింజల లెక్క మాత్రమే రాయకండి.